ఘాట్ రోడ్డు ఎక్కేముందు: పిల్లలకు వాంతులు కాకుండా ఏం చేయాలి

మా పాపకు ఎనిమిదేళ్లు. పోయిన ఏడాది దిల్‌సుఖ్‌నగర్ నుంచి శ్రీశైలం వెళ్తుంటే దారిలో నాలుగుసార్లు వాంతి చేసుకుంది. కల్వకుర్తిలో కడుపు నిండా పూరీలు తినిపించాం. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక విసుగు రాకుండా ఫోన్‌లో కార్టూన్లు పెట్టి ఇచ్చాం. రెండూ తప్పే. ఈగలపెంట మలుపుల దగ్గర "అమ్మా, ఇంకెప్పుడూ నన్ను తీసుకురాకు" అని ఏడ్చింది. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ తర్వాత పిల్లల డాక్టరును అడిగి తెలుసుకున్నవీ, మేం చేసి చూసినవీ రాస్తున్నాను.

ఇది కడుపు జబ్బు కాదు. మన లోపలి చెవిలో కదలికను పసిగట్టే ఏర్పాటు ఉంది. బండి మలుపు తిరిగితే అది వెంటనే మెదడుకు చెబుతుంది. కళ్లు ఫోన్ మీదో ముందు సీటు మీదో ఉంటే వాటికి ఏ కదలికా కనిపించదు. ఈ రెండు కబుర్లూ పొసగక వికారం మొదలవుతుంది. ఓడలోనైనా, విమానంలోనైనా కారణం ఇదే. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకూ, మైగ్రేన్ ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ ఎక్కువ. బండి నడిపేవాళ్లకు మాత్రం చాలా అరుదు. రాబోయే మలుపు వాళ్లకు ముందే తెలుసు కదా.

అందుకే సీటు దగ్గర మొదలుపెట్టండి. కారులో పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టకండి, అది ప్రమాదం. వెనక సీటు మధ్యలో బెల్టు పెట్టి కూర్చోబెడితే ముందున్న రోడ్డు కనిపిస్తుంది. ఆర్టీసీ బస్సులో వెనక చక్రాల మీది సీట్లూ, ఆఖరి వరుసా వద్దు, అక్కడే కుదుపు ఎక్కువ. ఓడలో అయితే మధ్య భాగం, కింది అంతస్తు మేలు. విమానంలో రెక్కల దగ్గర. అండమాన్ వెళ్లి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి హేవ్‌లాక్ దీవికి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఓడ ఎక్కేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, వికారం మొదలైతే దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడండి.

మాకు బాగా పనిచేసింది ఒక ఆట. మళ్లీ శ్రీశైలం వెళ్లినప్పుడు ఆడించాం. దోమలపెంట దాటాక పాప ముందున్న రోడ్డు చూస్తూ "ఎడమ", "కుడి" అని మలుపు రాకముందే చెప్పాలి. చూపు రోడ్డు మీదే ఉంటుంది, ఒళ్లూ మలుపుకు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు ఒక్కసారి కూడా వాంతి కాలేదు.

ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపూ కాదు. బయలుదేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. నూనె సరుకు వద్దు. కారులో వేలాడే సెంటు డబ్బా తీసేయండి, అద్దం కాస్త దించండి. మా అత్తమ్మ నిమ్మకాయ చేతిలో పట్టుకుని వాసన చూస్తుంది, ఆమెకు హాయిగా ఉంటుంది. అల్లం కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు.

ఇక మాత్ర. చాలామంది తిప్పడం మొదలయ్యాక వేసుకుంటారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. మందుల షాపులో అవోమిన్ పేరుతో దొరికే ప్రోమెథజిన్ లాంటివి ప్రయాణానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. పెద్ద పిల్లలకు ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. నీటికాసులు (గ్లాకోమా), ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లూ డాక్టరును అడగాలి. నిద్రమత్తు వస్తుంది, బండి నడిపేవాళ్లు వేసుకోవద్దు. జ్వరానికో విరేచనాలకో వాంతులైనప్పుడు ఇచ్చిన ఒండాన్‌సెట్రాన్ ఇంట్లో మిగిలి ఉంటే దాన్నే వాడేస్తుంటారు. ప్రయాణపు వికారానికి అది పెద్దగా పనిచేయదు.

వాంతి అయితే తిట్టకండి. మందపాటి కవర్లు నాలుగు, తడి గుడ్డ, ఒక జత బట్టలు చేతికందేలా ఉంచండి. బండి ఆపి, నుదురు తుడిచి, కాసేపు గాలి పీల్చుకోనివ్వండి. తర్వాత ఒక్కో గుక్కా నీళ్లు తాగించండి. వాంతులు ఎక్కువైతే లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ పొడి వాడండి, తీపి డబ్బా పానీయాలు కాదు. అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడిన డాక్టర్ శివరంజని సంతోష్ మన హైదరాబాద్ వారే.

బండి దిగాక కూడా మర్నాటిదాకా వాంతులు తగ్గకపోయినా, తీవ్రమైన తలనొప్పి ఉన్నా, చెవి సరిగా వినపడకపోయినా ప్రయాణం వల్లే అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తిరుగు ప్రయాణంలోనూ మలుపులు అవే ఉంటాయి, వెళ్లేటప్పుడు వేసిన మాత్ర అప్పటికి పనిచేయదు. దాని సంగతి కూడా డాక్టరును ముందే అడిగి బయలుదేరండి.