వానలకు ముందే పాత ఇల్లు చూసుకోండి

పాత ఇంటి బాధ్యత తీసుకున్న చరిత్ర సంఘాలు వానలకు కనీసం నెల ముందే పైకప్పు చూసుకోవాలి. తొలి వాన పడ్డాక ఎక్కితే పెంకులూ జారతాయి, మనిషీ జారతాడు. ఎప్పుడైనా ఒక్కరే ఎక్కొద్దు, కింద ఇంకొకరు ఉండాలి. నీళ్లు పోయే పైపుల్లో ఆకులు తీసేయండి. పైపు మూసుకుపోతే ఆ నీళ్లన్నీ గోడలోకే దిగుతాయి. దూలం చివర గోడలో కూర్చునే చోట కుళ్లు మొదలవుతుంది, బయటికి కనిపించదు. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కితే దిగబడుతోందా, ఆ గదిలోకి ఎవరినీ పంపకుండా ఇంజనీరును పిలవండి.

అసలు భయం మాత్రం హడావుడి రిపేర్లతోనే. పగులు కనిపించగానే ఎవరో ఒకరు మంచి మనసుతోనే సిమెంటు బస్తా తెస్తారు. దయచేసి ఆపండి. ఇప్పుడు మనం మామూలుగా వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చిందే 1824లో. అంతకుముందు కట్టిన గోడల్లో, ఆ తర్వాత చాలాకాలం కట్టినవాటిలో కూడా, ఇటుకల మధ్య ఉండేది సున్నమో మట్టో. అలాంటి గోడ పీల్చుకున్న చెమ్మను మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పేరుకుంటుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రి దొరికేదాకా టార్పాలిన్ కప్పి ఉంచడమే మేలు.

ఊరి పాత మ్యాపులు, ఫొటోలు, దస్తావేజులు నేల మీదా కింది గదిలోనూ పెట్టొద్దు. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది పొంగినప్పుడు అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు, పత్రాలు తడిసిపోయాయి. కింది అంతస్తుల్లో ఉన్నవాటికే ఎక్కువ దెబ్బ. గోడకు ఆనించకుండా, పైకప్పు కారే చోటు కింద లేకుండా అరలు సర్దండి. గదిలో తేమ 65 శాతం దాటితే బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి చిన్న తేమ మీటరు ఒకటి కొనండి.

ఏదైనా తడిస్తే టెన్షన్‌లో ఎండలో పరిచేయొద్దు. అలాగని వదిలేయొద్దు, బూజు రెండు రోజుల్లోనే మొదలవ్వొచ్చు. వెంటనే ఆరబెట్టలేనన్ని కాగితాలుంటే ఫ్రీజర్‌లో పెడితే సమయం దొరుకుతుంది. అతుక్కున్న ఫొటోలను లాగి విడదీయొద్దు, బొమ్మ ఊడిపోతుంది.

ప్రతి గదినీ ఇప్పుడే ఫొటోలు తీసి, వస్తువుల జాబితాతో పాటు ఒక కాపీ వేరే చోట ఉంచండి. తాళాలు ఎవరి దగ్గరున్నాయి, మెయిన్ స్విచ్ ఎక్కడుంది, అర్ధరాత్రి వాన ముదిరితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాసి సభ్యులందరికీ ఇవ్వండి.