పెద్ద సంస్థల ఐటీ వ్యవస్థను క్లౌడ్‌కు తరలించే ప్రణాళిక ఎలా వేయాలి?

హైదరాబాద్‌లో రెండు మూడు దశాబ్దాలుగా నడుస్తున్న బ్యాంకులు, మందుల కంపెనీలు, అనేక శాఖలున్న ఆసుపత్రులు, ప్రభుత్వ రంగ సంస్థలు చాలావరకు సొంత సర్వర్ గదుల మీద ఆధారపడి పెరిగాయి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఖర్చు ఏటా పెరుగుతూ, పాత స్టోరేజీకి విడిభాగాలు దొరకని పరిస్థితి వచ్చాక క్లౌడ్ (మరో కంపెనీ సర్వర్లను నెట్‌వర్క్ ద్వారా అద్దెకు వాడుకోవడం) మాట బోర్డు సమావేశం వరకు వెళుతుంది. ఒరాకిల్ 2020లో, అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో ఈ నగరంలోనే క్లౌడ్ రీజియన్లు (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల సముదాయాలు) ప్రారంభించాయి కాబట్టి, డేటా విదేశాలకు పోతుందన్న పాత అభ్యంతరానికి ఇప్పుడు అంత బలం లేదు. కష్టమంతా ప్రణాళికలోనే ఉంది. ఆ ప్రణాళికను యంత్రాల పట్టిక నుంచి కాకుండా, సంస్థలో రోజూ జరిగే పనుల పట్టిక నుంచి మొదలుపెట్టాలన్నది ఈ వ్యాసంలోని ప్రధానమైన సూచన. ఐటీ అధిపతులతో పాటు ఆర్థిక, పరిపాలనా విభాగాల వారికి కూడా ఉపయోగపడేలా దశలను వరుసగా వివరిస్తున్నాను.

మొదటి దశ: పనుల పట్టిక తయారు చేయండి

"మన దగ్గర నాలుగు వందల సర్వర్లు ఉన్నాయి, నెలకు ఇరవై చొప్పున తరలిద్దాం" అని మొదలయ్యే ప్రణాళిక మధ్యలోనే చిక్కుపడుతుంది, ఎందుకంటే సర్వర్లు ఒక్కొక్కటిగా పని చేయవు. ఆసుపత్రిలో ఒక రోగి డిశ్చార్జ్ బిల్లు తయారు కావడాన్నే తీసుకోండి. ఫార్మసీ లెక్క, ల్యాబ్ లెక్క, గది అద్దె, బీమా డెస్కు అనుమతి, రోగి ఫోనుకు వెళ్లే ఎస్ఎంఎస్ కలిస్తేనే ఆ కాగితం బయటికి వస్తుంది. దాని వెనుక ఐదారు అప్లికేషన్లు, రెండు మూడు డేటాబేసులు, రాత్రిపూట ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌కు నకలయ్యే ఫైళ్లు ఉంటాయి. వీటిలో ఒక్కదాన్ని వదిలేసి మిగతావాటిని తరలిస్తే కౌంటర్ దగ్గర క్యూ ఆగిపోతుంది.

అందుకే జీతాల చెల్లింపు, రుణ మంజూరు, సరుకు పంపిణీ, డిశ్చార్జ్ బిల్లు వంటి ప్రతి పనికీ ఒక పేజీ కేటాయించండి. ఆ పనికి బాధ్యుడైన అధికారి ఎవరు, ఏ అప్లికేషన్లు, ఏ డేటాబేసులు దానికి ఆధారం, బయటి సంస్థలతో ఏ లింకులు ఉన్నాయి, ఏ తేదీల్లో, ఏ వేళల్లో రద్దీ ఎక్కువ అన్నవి అందులో రాయండి. ఐటీ విభాగాన్ని అడిగితే సగమే తెలుస్తుంది. బిల్లింగ్ కౌంటర్లో, డిస్పాచ్ సెక్షన్లో ఏళ్లుగా కూర్చున్న ఉద్యోగులతో మాట్లాడితే, ఎవరి రికార్డుల్లోనూ లేని షేర్డ్ ఫోల్డర్లూ, ఎక్సెల్ మాక్రోలూ బయటపడతాయి. దీనికి తోడు, ఏ సర్వర్ దేనితో మాట్లాడుతోందో నెట్‌వర్క్ లాగ్‌ల (రాకపోకల రికార్డుల) ద్వారా కనీసం ఒక నెలాఖరు కలిసి వచ్చేలా నమోదు చేసి, ఆ వివరాలను ఫైర్‌వాల్ (అనుమతి లేని రాకపోకలను ఆపే ఏర్పాటు) నియమాలతో, ఏఎంసీ ఒప్పందాలతో, లైసెన్సు పత్రాలతో సరిపోల్చాలి.

ప్రతి పేజీలో రెండు అంకెలు తప్పనిసరిగా ఉండాలి. ఈ పని ఎంతసేపు ఆగినా సంస్థ భరించగలదు? ప్రమాదం జరిగితే చివరి ఎన్ని నిమిషాల డేటా పోయినా సర్దుకోగలదు? వీటిని ఆయా విభాగాధిపతులే చెప్పాలి. మొదట అందరూ "ఒక్క నిమిషం కూడా ఆగకూడదు" అంటారు. 99.9 శాతం లభ్యత అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాల విరామమనీ, 99.99 శాతం అంటే దాదాపు 52 నిమిషాలేననీ, ఆ తేడాకు అయ్యే ఖర్చు ఇంతనీ పక్కపక్కనే చూపించి మళ్లీ అడగండి. అప్పుడు వచ్చే జవాబు మీదే ప్రణాళిక నిలబడుతుంది.

రెండో దశ: ప్రతి అప్లికేషన్ భవితవ్యం తేల్చండి

ఆపేయడం, ఉన్నచోటే ఉంచడం, ఉన్నదున్నట్లు తరలించడం, కొద్ది మార్పులతో తరలించడం, పూర్తిగా తిరగరాయడం, దాని బదులు రెడీమేడ్ సేవను కొనుక్కోవడం అనే ఆరు దారులు ఉన్నాయి. వీటిలో ఆపేయడం గురించే ముందుగా ఆలోచించాలని నా గట్టి నమ్మకం. పాత రికార్డులు చూడటానికి మాత్రమే నడుస్తున్న అప్లికేషన్లు ప్రతి పెద్ద సంస్థలోనూ ఉంటాయి. వాటి డేటాను చదవడానికి వీలైన రూపంలో భద్రపరిచి సర్వర్‌ను మూసేస్తే, తరలించే శ్రమే తప్పుతుంది.

ఉన్నదున్నట్లు తరలించడం త్వరగా అయ్యే పనే అయినా, పాత సమస్యలు కూడా వెంట వస్తాయి. విండోస్ సర్వర్ 2012కు పొడిగించిన మద్దతు (ఎక్స్‌టెండెడ్ సపోర్ట్) 2023 అక్టోబరులో ముగిసింది, 2016 వెర్షన్‌కు 2027 జనవరిలో ముగుస్తుంది. అటువంటి వాటిని తరలించే ముందే అప్‌గ్రేడ్ చేయడానికి ఒక తేదీ నిర్ణయించాలి.

కొన్ని వ్యవస్థలను కదిలించకపోవడమే మంచిది. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఉన్న మందుల ప్లాంటులో యంత్రాలను నియంత్రించే వ్యవస్థ, బ్యాచ్ వివరాలు నమోదు చేసే వ్యవస్థ ఆ ఆవరణలోనే ఉండాలి. బయట కేబుల్ తెగినంత మాత్రాన ఉత్పత్తి ఆగకూడదు. పైగా మందుల తయారీలో వాలిడేషన్ (సరిగ్గా పని చేస్తోందని ఆధారాలతో నిరూపించడం) పూర్తయిన కంప్యూటర్ వ్యవస్థను కదిలిస్తే, అది మళ్లీ సరిగ్గా పని చేస్తోందని పరీక్షించి, ఆ ఆధారాలను తనిఖీ అధికారులకు చూపించాల్సి ఉంటుంది. ఆ సమయాన్ని ప్రణాళికలో కలపండి.

మూడో దశ: చట్టాలు, డేటా ఉండే చోటు

న్యాయ విభాగాన్ని చివర్లో కాదు, ఈ దశలోనే కూర్చోబెట్టండి. చెల్లింపుల డేటా భారతదేశంలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఐటీ సేవల అవుట్‌సోర్సింగ్‌పై ఆ బ్యాంకు 2023లో ఇచ్చిన నిర్దేశాలు ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పరిధిలోని సంస్థలకు 2023 మార్చిలో ప్రత్యేక క్లౌడ్ నిబంధనావళి వచ్చింది. వ్యక్తిగత డేటా విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉంది. సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లోగా సమాచారం ఇవ్వాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. క్లౌడ్ కంపెనీతో ఒప్పందం కుదిరినా ఈ బాధ్యతలు సంస్థ మీదే ఉంటాయి. అర్ధరాత్రి ఘటన జరిగితే ఆ 6 గంటల్లో ఎవరు నివేదిక రాయాలో, ఎవరు ఆమోదించాలో పేర్లతో సహా ఇప్పుడే నిర్ణయించండి.

ఇక డేటా నకలు ఉంచే రెండో చోటు సంగతి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా అక్కడే ఉంచుకున్న కొందరు ఖాతాదారులు తమ డేటాను తిరిగి పొందలేకపోయారు. హైదరాబాద్ రీజియన్‌ను ప్రధానంగా ఎంచుకుంటే ముంబయి వంటి మరో నగరంలో డీఆర్ (డిజాస్టర్ రికవరీ, అంటే ప్రమాదం జరిగితే పని కొనసాగించే ప్రత్యామ్నాయ వ్యవస్థ) ఏర్పాటు చేయండి. అయితే కొత్త రీజియన్లలో అన్ని సేవలూ ఒకేసారి అందుబాటులోకి రావు. మీకు కావలసిన ప్రతి సేవా రెండు చోట్లా ఉందో లేదో చూశాకే సంతకం చేయండి.

నాలుగో దశ: నెట్‌వర్క్

ఈ దశను చాలా సంస్థలు తేలికగా తీసుకుంటాయి. అప్లికేషన్‌ను క్లౌడ్‌కు పంపి, డేటాబేస్‌ను పాత సర్వర్ గదిలోనే ఉంచితే ఏమవుతుందో లెక్క వేయండి. ఒక స్క్రీన్ తెరుచుకోవడానికి డేటాబేస్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా 300 ప్రశ్నలు అడుగుతుందనీ, ఒక్కో రాకపోకకు 10 మిల్లీసెకన్లు పడుతుందనీ అనుకుంటే, ఆ స్క్రీన్ 3 సెకన్లు ఆలస్యమవుతుంది. ఒకే గదిలో ఉన్నప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ తెలియలేదు. కాబట్టి ఎక్కువగా మాట్లాడుకునే అప్లికేషన్, డేటాబేసులను ఒకే విడతలో తరలించాలి. ఏవి అటువంటివో మొదటి దశలో సేకరించిన లాగ్‌లే చెబుతాయి.

డేటాను ఎలా పంపాలన్నది కూడా లెక్కతోనే తేలుతుంది. 100 టీబీ డేటాను 1 జీబీపీఎస్ లైను మీద పంపితే, లైను పూర్తిగా దానికే ఇచ్చినా 9 రోజులకు పైగా పడుతుంది. పగలు సిబ్బందికి వదిలేసి రాత్రి 10 గంటలు మాత్రమే వాడితే 22 రోజులు దాటుతుంది. ఈలోగా మారిన డేటా సంగతేమిటో కూడా ఆలోచించుకోవాలి.

లైన్లు రెండు ఉండాలి, రెండూ వేర్వేరు దారుల్లో రావాలి. ఇద్దరు ప్రొవైడర్ల దగ్గర తీసుకున్నా రెండు కేబుళ్లూ ఒకే డక్ట్‌లో (భూమిలోని కేబుల్ గొట్టంలో) వస్తుంటే, రోడ్డు తవ్వకంలో ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. 2025 ఆగస్టులో నగరంలో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు అనేక ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. ప్రొవైడర్ మాట మీద ఆగకుండా, కేబుల్ మీ భవనంలోకి ఏ వైపు నుంచి వస్తోందో, స్తంభాల మీదుగా వస్తోందో భూమిలోంచి వస్తోందో మ్యాపు అడిగి తీసుకోండి.

ఐదో దశ: ఖర్చు అంచనా

పాత పద్ధతిలో ఖర్చుకు సర్వర్ల ధర ఒక్కటే కాకుండా కరెంటు, ఏసీ, జనరేటర్ డీజిల్, గది అద్దె, ఏఎంసీ, సిబ్బంది అన్నీ కలపండి. క్లౌడ్ వైపు నెలవారీ బిల్లుతో పాటు బయటికి వెళ్లే డేటాకు రుసుము, డేటాబేస్ లైసెన్సులు, బ్యాకప్ నిల్వ, రెండు వ్యవస్థలూ ఒకేసారి నడిచే నెలల ఖర్చు కలపండి. ఆ ఉమ్మడి నెలలను అంచనాలో రాయకపోతే, పొదుపు వస్తుందని చెప్పిన ప్రాజెక్టుకు మొదటి ఏడాదిలోనే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. జీఎస్టీ 18 శాతాన్ని కూడా మరిచిపోవద్దు. తయారీ సంస్థలకు అది సాధారణంగా క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, కానీ వైద్య సేవలకు పన్ను మినహాయింపు ఉండటం వల్ల ఆసుపత్రులకు అది నికర ఖర్చు. ఒకటి లేదా మూడేళ్లకు ముందే కట్టుబడితే వచ్చే రాయితీలు ఆకర్షణీయంగానే ఉంటాయి. కొన్ని నెలల నిజమైన వాడకం చూశాకే వాటి జోలికి వెళ్లండి.

ఆరో దశ: విడతలు, కట్‌ఓవర్ (పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి మారడం)

మొదటి సర్వర్ వెళ్లక ముందే క్లౌడ్ ఖాతాల విభజన, రెండంచెల లాగిన్, లాగ్‌ల నిల్వ, విభాగాల వారీగా ఖర్చు తెలిసేలా ట్యాగులు సిద్ధంగా ఉండాలి. తర్వాత సర్దడం ఎంతో కష్టం.

మొదటి విడతకు చిన్నదైనా నిజంగా వాడుకలో ఉన్న పనిని ఎంచుకోండి; ఎవరూ వాడని టెస్ట్ సర్వర్‌ను తరలిస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు. ప్రతి విడతకూ ముందు నకలు డేటాతో రిహార్సల్ చేసి, ఒక్కో అంకానికి ఎంత సమయం పట్టిందో రాసుకోండి. జీతాల రోజులు, నెలాఖరు, మార్చి 31, జీఎస్టీ రిటర్నుల గడువు దగ్గర పడే రోజుల్లో కట్‌ఓవర్ పెట్టకూడదు. దసరా, సంక్రాంతి సెలవుల్లో వాడకం తక్కువని ఆశపడతారు గానీ, అవసరమైన ఇంజినీర్లు ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. గణేశ్ నిమజ్జనం రోజున రోడ్లు మూసేస్తారు కాబట్టి పాత సర్వర్ గదికి చేరుకోవడమే కష్టం. వెనక్కి మళ్లే నిర్ణయం ఎన్ని గంటలకు, ఎవరు తీసుకోవాలో కాగితం మీద ఉండాలి. "ఇంకో అరగంట చూద్దాం" అంటూ తెల్లవారే దాకా లాగితే, వెనక్కి మళ్లడానికి కావలసిన సమయం మిగలదు.

ఏడో దశ: తరలింపు తర్వాత నిర్వహణ

భవనం, కరెంటు, హార్డ్‌వేర్ క్లౌడ్ కంపెనీ చూసుకుంటుంది. మీరు అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాచ్‌లు (లోపాలను సరిచేసే అప్‌డేట్లు) వేయడం, ఎవరికి ఏ అనుమతి ఉందో చూడటం, బ్యాకప్ సరిచూడటం మీ పనే. మూడు నెలలకోసారైనా ఒక ముఖ్యమైన డేటాబేస్‌ను బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసి, మొదటి దశలో విభాగాధిపతి చెప్పిన సమయంలోపు అది లేచిందో లేదో కొలవండి. ఖర్చు నివేదిక ప్రతి నెలా ఆయా విభాగాధిపతుల చేతికే వెళ్లాలి, ఎందుకంటే తన పేరు మీద బిల్లు చూసినప్పుడే రాత్రంతా ఊరికే నడిచే సర్వర్లను ఆపాలన్న పట్టుదల వస్తుంది.

సిబ్బంది విషయంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. సర్వర్ గదిని ఏళ్ల తరబడి కాపాడిన ఉద్యోగులకు ప్రాజెక్టు మొదలైన రోజునే వారి కొత్త బాధ్యత ఏమిటో చెప్పి, శిక్షణ ఇప్పించండి. ఏ రాత్రి ఏ ఫైలు ఎందుకు నకలవుతుందో తెలిసింది వారికే. అభద్రతతో వాళ్లు ముందే వెళ్లిపోతే ఆ జ్ఞానాన్ని ఏ కన్సల్టెంటూ తెచ్చి ఇవ్వలేడు.

చివరి దశ: పాత గదిని మూసేయడం

అన్నీ తరలిపోయాక కూడా పాత సర్వర్లు "ఎందుకైనా మంచిదని" నడుస్తూనే ఉంటాయి, ఏఎంసీ మళ్లీ పునరుద్ధరణ అవుతుంది. ప్రతి సర్వర్‌కూ ఒక మూసివేత తేదీ పెట్టి, దాన్ని ఏఎంసీ గడువుకు ముందే ఉండేలా చూడండి. ముందు నెట్‌వర్క్ నుంచి వేరు చేసి, ఒక నెలాఖరు దాటే వరకు ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమో గమనించి, ఆ తర్వాతే డిస్కులను తిరిగి చదవడానికి వీలులేకుండా చెరిపేయాలి లేదా ధ్వంసం చేయాలి. 2022 ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం సంస్థలు పాత పరికరాలను నమోదైన రీసైక్లర్ వంటి అధీకృత సంస్థలకే అప్పగించాలి. డిస్కు నంబర్లతో కూడిన ధ్వంస ధ్రువపత్రాన్ని తీసుకుని, ఆస్తుల రిజిస్టరు నుంచి ఆ సర్వర్‌ను తొలగించి, దాని బీమానూ లైసెన్సునూ రద్దు చేయించాకే ఆ సర్వర్ తరలింపు పూర్తయినట్లు నమోదు చేయండి.