నడుము అరుగుదల నొప్పి: సూదికి ముందు తుంటి చూశారా?

లక్షణం: నిలబడి వంట చేస్తుంటే నడుం పట్టేస్తుంది. వెనక్కి వంగినా, పక్కకి తిరిగినా కలుక్కుమంటుంది. కూర్చుని ముందుకు వంగితే కాస్త హాయి. నొప్పి పిరుదుల్లోకి, తొడ వెనక్కి పాకొచ్చు గానీ మోకాలు దాటడం తక్కువ.

కారణం: వెన్నుపూసల వెనక జంటగా ఉండే ఫేసెట్ కీళ్ల అరుగుదల కావచ్చు. 'కావచ్చు' అనే అంటాను. ఎంఆర్ఐ కాగితం చూసి తీర్పు చెప్పేయకండి. నొప్పే లేనివాళ్ల స్కాన్ల మీద 2015లో వచ్చిన ఒక సమీక్షలో, 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) అరుగుదల కనిపించింది. జుట్టు నెరిసినట్టే ఇదీ.

అసలు తిరకాసు తుంటి కీలుతో. అది అరిగినా నడుము నొప్పిలాగే అనిపించొచ్చు. నేనూ ఇక్కడ పొరబడ్డాను. అరవైకి దగ్గరపడిన ఒకావిడకి ఆరు వారాలు నడుము వ్యాయామాలు చేయించాను. అంతకుముందే వేరేచోట నడుములో రెండు ఇంజెక్షన్లు అయ్యాయి. దేనికీ లొంగలేదు. ఒకరోజు ఆవిడ ఆటో ఎక్కుతుంటే చూశాను: కుడికాలు పైకి లేవక, చీర మీద నుంచే తొడని రెండు చేతులతో పట్టి లోపలికి పెట్టుకుంది. నడుము నొప్పివాళ్లు సాధారణంగా అలా చేయరు. తుంటి ఎక్స్‌రే తీయిస్తే కీలు మధ్య సందే లేదు, అంటే బాగా అరిగిపోయింది. ఫైలు నిండా నడుము స్కాన్లే, తుంటిది ఒక్కటీ లేదు.

కాబట్టి ముందు ఇది చూడండి. ఎత్తు బల్ల మీద కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, మోకాలు కదలకుండా పాదాన్ని బయటివైపుకి జరపండి. రెండు కాళ్లూ పోల్చండి. ఒకటి మొరాయించి గజ్జలో నొప్పి పుడితే అనుమానం తుంటి మీదే. బాసింపట్టు వేసుకోగలరా, కాలిగోళ్లు తీసుకోగలరా అని కూడా అడగండి. అరనిమిషం పని. తుంటిదే అయితే తుంటి కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, నొప్పి లేనివైపు చేతిలో కర్ర (చాలామంది నొప్పివైపే పట్టుకుంటారు), మరీ ముదిరితే కీలు మార్పిడి.

తుంటి బాగుందా? అప్పుడు నడుముకి రండి. మంచం పట్టకుండా రోజూ నడక, పొట్ట, పిరుదుల కండరాలకి వ్యాయామం, కనీసం రెండు మూడు నెలలు. నొప్పి మాత్రలు కొద్దిరోజులకే. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా మింగొద్దు. అయినా లొంగకపోతే మీడియల్ బ్రాంచ్ బ్లాక్: కీలు నొప్పిని మోసే సన్నటి నరం దగ్గర మత్తుమందు ఇస్తారు. ఇది పరీక్ష, వైద్యం కాదు. మందు పనిచేసే ఆ కొన్ని గంటలు నొప్పి బాగా తగ్గితేనే రేడియోఫ్రీక్వెన్సీతో (రేడియో తరంగాల వేడితో) ఆ నరాన్ని కాల్చడం గురించి మాట్లాడాలి. ఉపశమనం తరచుగా ఆరు నెలల నుంచి ఏడాది. నరం మళ్లీ పెరుగుతుంది, నొప్పీ తిరిగి రావచ్చు.

నడిస్తే కాళ్లు లాగేసి, కూర్చుంటే తగ్గితే అది వెన్నులో నరాల దారి ఇరుకవడం కావచ్చు, దాని వైద్యం వేరు. ఎముక టీబీ, గడ్డలు అరుదు. జ్వరం, ఊరికే బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.