వైఫైలో తెలీని డివైస్ కనపడితే అదేదో పట్టుకోడం ఎలా?

మా పర్లాకిమిడిలో రౌటర్ లిస్టులో తెలీని పేరొకటి కనపడితే చాలు, పక్కింటి కుర్రాడి మీద పడిపోతారు. చాలాసార్లు అది మన ఇంట్లో వస్తువే అవుతాది.

వైఫైలో ఉన్న ఫోన్లో బ్రౌజర్ తెరిచి రౌటర్ అడ్రస్ 192.168.1.1 కొట్టండి, రాకపోతే 192.168.0.1, లాగిన్ వివరాలు రౌటర్ కింద స్టిక్కర్ మీదుంటాయి. లోపల కనెక్టెడ్ డివైసెస్ అనో, డీహెచ్‌సీపీ క్లయింట్స్ అనో ఉంటాది. వైఫైకి కలిసిన డివైసుల లిస్టు అదే, దాన్ని కాగితం మీదే రాసుకోండి. స్కానింగ్ యాప్‌లు ఒగ్గేయండి, కనెక్షన్ ఇచ్చేది రౌటరే కాబట్టి దాని లెక్కే లెక్క, యాప్‌లో సగం యాడ్‌లే.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ప్రతి డివైస్‌కీ 12 అంకెలు, అక్షరాల మ్యాక్ అడ్రస్, అంటే గుర్తింపు నంబర్ ఉంటాది, మొదటి 6 నెట్‌లో వెతికితే తయారుచేసిన కంపెనీ తెలుస్తాది. ఎస్ప్రెస్సిఫ్ అనొస్తే హ్యాకర్ కాదు బాబూ, స్మార్ట్ బల్బుల్లో, ప్లగ్గుల్లో ఉండే చిప్పు కంపెనీ అది. కానీ ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు నంబర్ దాచేసి వైఫైకి ఉత్తుత్తి నంబర్ చూపిస్తన్నాయి. ఆ నంబర్లో రెండోది 2, 6, A, E లలో ఒకటైతే అది దాదాపు ఉత్తుత్తిదే, కంపెనీ పేరు వెతికి లాభం లేదు. జనం ఏం చేస్తారంటే అబౌట్ ఫోన్‌లో ఉన్న నంబర్ చూసి, లిస్టులో లేదని తమ ఫోన్‌నే దొంగని చేసేస్తారు. అక్కడ కాదు, వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ పేరు నొక్కితే వచ్చే నంబర్ చూడాల.

ఇంట్లో ఫోన్లన్నీ ఇలా చూసి కాగితం మీద కొట్టేయండి. మిగిలినవి, అంటే టీవీ, కెమెరా, బల్బు, ఒక్కోటీ ఆపి చూడండి, ఏది ఆపితే ఏది పోతాదో. వెంటనే పోలేదని కంగారు పడొద్దు, వెళ్లిపోయిన డివైస్ పేరు కూడా కొన్ని రౌటర్లు గంటల తరబడి చూపిస్తాయి, నిన్న పాతపట్నం నుంచొచ్చి వెళ్లిన బావ ఫోన్ కూడా ఇంకా అందులో ఉండొచ్చు. రౌటర్ ఓసారి ఆపి వేసి అప్పుడు చూడండి.

అన్నీ కొట్టేశాక కూడా ఒకటి మిగిలిందా? మ్యాక్‌తో బ్లాక్ చేయడం దండగ, నంబర్ మార్చుకుని మళ్లీ వచ్చేస్తాది. వైఫై పాస్‌వర్డ్ మార్చండి, సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి, రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. బల్బులన్నీ మళ్లీ కలపడం విసుగే, తప్పదు. పండక్కొచ్చే చుట్టాలకి మాత్రం గెస్ట్ నెట్‌వర్క్ వేరేగా పెట్టి అదే ఇవ్వండి.