సంకేతం ఉంది, స్పైకు లేదు: కంపన అనునాదం కుదరనప్పుడు ఎక్కడ వెతకాలి

బలహీనమైన నెమ్మది సంకేతానికి వేగపు కంపనాన్ని తగినంత కలిపితే వ్యవస్థ ఆ సంకేతానికి మరింత బాగా స్పందిస్తుంది, దీన్నే కంపన అనునాదం అంటారు. రెండు గుంతలు, అంటే రెండు స్థిర స్థితులు ఉన్న వ్యవస్థలో దీన్ని 2000లో లాండా, మెక్‌క్లింటాక్ చూపించారు. దాన్నే ఉత్తేజశీల వ్యవస్థలో, అంటే విశ్రాంతిలో ఉండి, తగినంత కదిపితే ఒక్కసారిగా పెద్ద ఎగుడు (స్పైకు) ఇచ్చి మళ్లీ విశ్రాంతికి వచ్చేదానిలో, ఉదాహరణకు నాడీకణపు సరళ నమూనా అయిన ఫిట్జ్‌హ్యూ–నగుమోలో రాబట్టబోతే చాలామంది కింది చోట్ల చిక్కుకుంటారు. ఎప్సిలాన్ (వేగపు, నెమ్మది చలరాశుల కాలాల నిష్పత్తి) 0.01, బయాస్ (వ్యవస్థను విశ్రాంతిలో ఉంచే స్థిర సంఖ్య) 1.05, సంకేతం కంపన పరిమితి (అది ఊగే గరిష్ఠ ఎత్తు) 0.01, దాని కోణీయ పౌనఃపున్యం 0.1, వేగపు కంపనానిది 5 అనుకుందాం. సంకేతం, కంపనం రెండూ నెమ్మది చలరాశి వై సమీకరణంలోనే, బయాస్‌కు కూడుతూ ఉన్నాయి.

సమస్య: కంపనం కలిపినా ఒక్క స్పైకూ రాదు.
కారణం: కంపనం బాగా వేగమైనదైతే, దాని బలం వై దగ్గరికి చేరేసరికి దాదాపు దాని పౌనఃపున్యంతో భాగింపబడుతుంది. 5ను 50 చేసి బలాన్ని అలాగే ఉంచితే చేరేది చాలా తగ్గిపోతుంది. వ్యవస్థ విశ్రాంతిలో వై విలువ −0.6641. మోకాలి మలుపు, అంటే వై దిగుతూ దాటితే స్పైకు లేచే గీత, −0.6667 దగ్గర ఉంది. మధ్య ఎడం 0.0025 మాత్రమే! సంకేతం ఒక్కటే ఉంటే ఈ ఎడం 0.0016 నుంచి 0.0037 దాకా నెమ్మదిగా ఊగుతుంది గానీ సున్నా కాదు.
పరిష్కారం: కంపన బలాన్ని విడిగా కాక, బలం భాగించు పౌనఃపున్యం అనే నిష్పత్తిగా చూడండి. దాన్ని చాలా చిన్న అంగల్లో పెంచండి. పెద్ద అంగ వేస్తే అసలు మేలిమి బిందువును దాటేసి వెళ్తారు.

సమస్య: స్పైకులు బోలెడు, కానీ సంకేతంతో పొంతన లేదు.
కారణం: బలం మితిమీరింది. ఎడం 0.0037 ఉన్నప్పుడు కూడా కంపనం తానే గీత దాటిస్తోంది. ఇక సంకేతం చెప్పడానికేమీ మిగలదు.
పరిష్కారం: స్పైకులు సంకేతపు ఒక సగంలోనే గుంపుగా వచ్చేదాకా తగ్గించండి. ఆ సగం రుణాత్మకమైతే కంగారు పడకండి, బయాస్ తగ్గితేనే స్పైకు సులువవుతుంది మరి. ఏ సంఖ్యనూ లెక్కించకముందే సంకేతాన్నీ స్పైకులనూ ఒకే గ్రాఫులో గీసి చూడమంటాను. సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

సమస్య: కంపనం ఆపేసినా స్పైకులు వస్తున్నాయి.
సంకేతం 0.05 దాటిందేమో చూడండి, అప్పుడది బలహీనం కాదు. లేదా కోడ్‌లో నాయిస్ మిగిలిపోయి ఉంటుంది. నాయిస్ కూడా ఇదే పని చేయగలదు కాబట్టి ముందు దాన్ని సున్నా చేయండి.

సమస్య: ప్రతిస్పందన విలువ క్యూ (సంకేతపు పౌనఃపున్యం దగ్గర వ్యవస్థ ఎంత బదులిస్తోందో చెప్పే సంఖ్య) రన్‌కో రకంగా వస్తోంది.
సంకేతపు ఆవర్తన కాలం 62.8. మొదటి కొన్ని ఆవర్తనాలు వదిలేసి, పూర్ణసంఖ్య ఆవర్తనాల మీదే సమాకలనం చేయండి. కంపనం ఒక చుట్టుకు 1.26 తీసుకుంటుంది కదా అని లెక్కకు 0.05 కాలపు అంగ పెట్టకండి. స్పైకు లేచే వేగాన్ని నిర్ణయించేది ఎప్సిలాన్, అది 0.01. కాబట్టి 0.001తో మొదలుపెట్టి, అంగను సగం చేసి మళ్లీ నడపండి. క్యూ కదిలితే ఇంకా సగం చేయండి.