రేసు తిప్పితే బండి తడబడుతోందా? కార్బొరేటర్ శుభ్రం చేసే సరైన పద్ధతి

స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేరులో రేసు తిప్పుతారు. బండి కదలదు. ఇంజిన్ కుంగి, ఆగిపోతుందేమో అనిపించి, ఆ తర్వాత ఒక్క జర్కుతో ముందుకు దూకుతుంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కుతున్నప్పుడు వెనుక లారీ ఉంటే ఆ జర్కు విలువ ఏమిటో తెలుస్తుంది.

దీనికి సాధారణంగా జరిగే వైద్యం ఇది: ప్లగ్ మారుస్తారు, తగ్గదు. ట్యాంకులో ఒక సీసా క్లీనర్ పోస్తారు, తగ్గదు. చివరికి కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పి, పైపైన పెట్రోలు చల్లి, తుడిచి బిగించి, స్లో స్క్రూ (రేసు తిప్పనప్పుడు ఇంజిన్ ఎంత వేగంతో తిరగాలో పెట్టేది) కాస్త పెంచి పంపిస్తారు. స్లో పెరిగింది కాబట్టి కొన్నాళ్లు తడబాటు బయటపడదు. ఆ తర్వాత మళ్లీ మొదలు, పైగా మైలేజీ కూడా పోతుంది. అసలు జబ్బు ఉన్నది రేసు తక్కువగా ఉన్నప్పుడు పెట్రోలు పంపే స్లో జెట్ అనే చిన్న ఇత్తడి ముక్కలో, దానికి పెట్రోలు, గాలి వెళ్లే సన్నని దారుల్లో. వాటిని ముట్టుకోకుండా చేసిన శుభ్రం శుభ్రమే కాదు.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి కార్బొరేటర్ ఉన్న బండ్లకే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక తయారైన బండ్లలో చాలావాటికి కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఏర్పాటు) ఉంటుంది. వాటి పెట్రోలు పైపులో సుమారు 3 బార్ ఒత్తిడి ఉంటుంది. పానా పట్టుకుని దాని జోలికి వెళ్లకండి.

విప్పే ముందు

తడబాటు ఎప్పుడు వస్తోందో గమనించండి. రేసు మొదట్లో, పావు వంతు తిప్పేలోపే అయితే స్లో జెట్. సగం దగ్గర అయితే స్లైడ్‌కు (రేసు కేబుల్ పైకి లాగే ముక్క) వేలాడే పొడవాటి నీడిల్, దాని గొట్టం. పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే అయితే మెయిన్ జెట్ (రేసు ఎక్కువైనప్పుడు పెట్రోలు పంపేది), లేదా ట్యాంకు నుంచి పెట్రోలు సరిగ్గా దిగకపోవడం. కొన్ని కిలోమీటర్లు పోయాక ఆగిపోయి, ట్యాంకు మూత తీయగానే మళ్లీ నడిస్తే కార్బొరేటర్‌ను నిందించకండి. మూతకు ఉండే గాలి రంధ్రం మూసుకుపోయింది.

ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక దుమ్ము, క్రషర్ల దగ్గర రాతిపొడి, ఎండాకాలం మట్టిరోడ్లు కలిసి మన ప్రాంతంలో ఫిల్టర్‌ను పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే పూడ్చేస్తాయి. కాగితం ఫిల్టర్ అయితే కడగకండి, కొత్తది వేయండి. ప్లగ్ చూడండి. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు మానిఫోల్డ్‌ను వంచి, పగుళ్లు ఉన్నాయేమో చూడండి. అక్కడ గాలి పీలుస్తుంటే కార్బొరేటర్‌ను ఎంత కడిగినా వృథా.

జెట్లు ఎందుకు మూసుకుపోతాయో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే శుభ్రం చేసిన నెలకే మళ్లీ విప్పుతారు. నిలిపి ఉంచిన బండిలో కార్బొరేటర్ కింది గిన్నెలోని పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. పాలమూరు ఊళ్లలో ఇది మామూలు సంగతి: పని కోసం ముంబయి, పుణె వెళ్లినవాళ్ల బండ్లు నెలల తరబడి వసారాలో ఉంటాయి, పండుగకు వచ్చి కిక్కు కొడితే స్టార్ట్ అవుతాయి కానీ తడబడతాయి. రెండో కారణం, దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో సీసాలో కొన్న పెట్రోలు. అది ఏ క్యానులోంచి, ఏ గరాటులోంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మూడోది, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. రిజర్వ్ తీసుకునేది అక్కడి నుంచే. ఆ నీరు గిన్నెలోకి దిగితే అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది.

సామాను, విప్పడం

8, 10 నంబర్ పానాలు, రెండు మంచి స్క్రూడ్రైవర్లు, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే, కళ్లద్దాలు, పాత నూలు బట్ట, ఒక వెడల్పాటి స్టీలు పళ్లెం. ప్లాస్టిక్ డబ్బా మూత వాడకండి, క్లీనర్‌కు అది కరుగుతుంది. కింది గిన్నె ప్యాకింగ్ ముందే కొని పెట్టుకోండి. పాతది మళ్లీ వేస్తే కారుతుంది, వాదన అనవసరం.

పని ఆరుబయట, ఉదయం పూటే చేయాలి. మన ఎండల్లో మధ్యాహ్నం పెట్రోలు తెరిస్తే ఆవిరి అంతటా పరుచుకుంటుంది. ఇంజిన్ చల్లగా ఉండాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు.

పెట్రోలు కాక్ (ట్యాంకు కింద ఉండే కుళాయి) మూసి పైపు లాగండి. పైపును సీసాలో పెట్టి కాక్‌ను కాసేపు రిజర్వ్‌లో తిప్పండి. వచ్చిన పెట్రోలులో తుప్పు రవ్వలు, అడుగున నీటి బుడగలు కనిపిస్తే ట్యాంకు మొత్తం వంచి కడగాల్సిందే. కింది భాగం మాత్రమే శుభ్రం చేసి పైనుంచి మురికి పోయడంలో అర్థం లేదు. కార్బొరేటర్ పై మూత తిప్పితే కేబుల్‌తో పాటు స్లైడ్, నీడిల్ బయటికి వస్తాయి. వాటిని బట్టలో చుట్టి పైకి కట్టేయండి. నీడిల్ వంగితే ఇంకే ట్యూనింగూ పనిచేయదు. ఫిల్టర్ వైపు క్లిప్పు, ఇంజిన్ వైపు బోల్టులు తీస్తే కార్బొరేటర్ చేతికి వస్తుంది.

గిన్నె స్క్రూల తలలు మెత్తనివి. స్క్రూడ్రైవర్‌ను గట్టిగా కిందికి నొక్కి తిప్పాలి, జారితే గాడి పోతుంది. ఫ్లోట్‌ను (గిన్నెలోని పెట్రోలు మీద తేలే ముక్క) పట్టి ఉంచే సన్నని పిన్నును నెమ్మదిగా తోయండి, సుత్తి వద్దు. ఆ పిన్ను నిలబడే రెండు స్తంభాలు విరిగితే కొత్త కార్బొరేటరే. ఫ్లోట్ కింద ఉండి, గిన్నె నిండాక పెట్రోలును ఆపే చిన్న నీడిల్ వాల్వ్ కిందపడి పోకుండా చూసుకోండి.

స్లో జెట్: ఇక్కడే అందరూ చెడగొట్టేది

గిన్నె తీశాక మధ్యలో రెండు ఇత్తడి జెట్లు కనిపిస్తాయి. పైకి పొడుచుకు వచ్చి ఉండేది మెయిన్ జెట్. పక్కన లోతైన గుంటలో ఉండేది స్లో జెట్. దాని గాడికి పూర్తి వెడల్పున సరిపోయే స్క్రూడ్రైవర్ మాత్రమే వాడాలి. సన్నదాన్ని పెట్టి తిప్పితే ఇత్తడి చిరిగి, జెట్ అక్కడే ఉండిపోతుంది. గట్టిగా ఉంటే బలం వాడకండి. గుంటలో క్లీనర్ కొట్టి అరగంట వదిలేయండి. కొన్ని కార్బొరేటర్లలో స్లో జెట్ బాడీలోనే దిగ్గొట్టి ఉంటుంది. గాడి కనిపించకపోతే అది బయటికి వచ్చేది కాదు, లాగకండి.

తీసిన జెట్‌ను ఆకాశం వైపు పట్టి ఒక కన్నుతో చూడండి. గుండ్రంగా, అంచులు స్పష్టంగా వెలుతురు కనిపించాలి. వెలుతురు కనిపించింది కదా అని సంతోషపడకండి. అంచు చుట్టూ జిగురు పొర ఉన్నా వెలుతురు వస్తుంది, కానీ పెట్రోలు తగ్గుతుంది.

ఇప్పుడు చాలామంది చేసేది: పిన్నీసు, కుట్టుసూది, క్లచ్ వైరు పోగు తీసుకుని పొడవడం. ఇది మానండి. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇత్తడి కంటే ఉక్కు గట్టిది కాబట్టి సూది ప్రతిసారీ కొంత గీకుతుంది. రంధ్రం అడ్డుకొలత పదో వంతు పెరిగితే దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అంటే జీవితాంతం ఆ జెట్ ఎక్కువ పెట్రోలు పోస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. బావిలో పూడిక తీయమంటే బావినే వెడల్పు చేసినట్టు. చీపురు పుల్ల ఇంకా ఘోరం, లోపల విరిగి ఉండిపోతుంది.

చేయాల్సింది ఇది. రెండు జెట్లనూ చిన్న గిన్నెలో క్లీనర్ పోసి నానబెట్టండి. తర్వాత స్ప్రే గొట్టాన్ని జెట్‌కు ఆనించి కొట్టండి. అవతలి వైపు సన్నని నిటారు ధార రావాలి. వంకరగా, చీలిపోయి వస్తే ఇంకా మురికి ఉంది. అప్పటికీ రాకపోతే మెత్తని కరెంటు వైరులోంచి తీసిన ఒకే ఒక రాగి పోగు వాడవచ్చు. రాగి ఇత్తడిని గీయదు. దాన్ని నెట్టడం కాదు, వేళ్ల మధ్య తిప్పుతూ పంపాలి. జెట్ మీద ముద్రించిన నంబరును రాసి పెట్టుకోండి. పాడైతే అదే నంబరుది కొనండి. పెద్ద నంబరు వేస్తే పికప్ వస్తుందని చెప్పేవాళ్ల మాట వినకండి.

జెట్ శుభ్రమైతే సగం పనే. ఆ జెట్ కూర్చునే గుంట నుంచి బయలుదేరే దారులు మిగిలాయి. మొదట, కార్బొరేటర్ పక్కన ఉండే ఎయిర్ స్క్రూ (రేసు తక్కువలో పెట్రోలు, గాలి పాళ్లు సర్దేది) తీయాలి. తీసే ముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనుకుంటుందో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. ఆనగానే ఆపాలి. బిగిస్తే దాని సూది మొన విరిగి లోపలే ఉండిపోతుంది, లేదా అది కూర్చునే చోటును పాడుచేస్తుంది. తర్వాత పూర్తిగా బయటికి తీయండి. దాని వెంట స్ప్రింగు, కొన్నింట్లో బుల్లి వాషరు, ఓ-రింగు ఉంటాయి. ఓ-రింగు తరచుగా గుంట లోపలే అతుక్కుంటుంది. అది తీయకుండా కంప్రెసర్ గాలి కొడితే ఎగిరి ఎక్కడ పడుతుందో కనిపించదు, దొరకదు.

ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. తప్పకుండా. ఎందుకంటే ఒక రంధ్రంలో కొట్టిన క్లీనర్ మరో రంధ్రంలోంచి నేరుగా ముఖం మీదికి వస్తుంది. అలా రావడమే మనకు కావాల్సింది కూడా. స్లో జెట్ గుంటలో గొట్టం పెట్టి కొట్టండి. మూడు చోట్ల నుంచి రావాలి: ఎయిర్ స్క్రూ గుంట, కార్బొరేటర్ నోట్లో స్లైడ్ కూర్చునే చోట ఉన్న సూదిమొనంత రంధ్రాలు, ఫిల్టర్ వైపు నోటి అంచున ఉండే చిన్న గాలి రంధ్రం. రెండింటిని వేలితో మూసి మూడోదాన్ని పరీక్షించండి. ఒక్కో దారిలోంచీ ధార విడిగా కనిపించాలి. ఏ ఒక్కటి రాకపోయినా నానబెట్టి మళ్లీ కొట్టండి, రెండు వైపుల నుంచీ. ఈ పరీక్ష చేయని మెకానిక్ కార్బొరేటర్‌ను కడిగాడని నేను ఒప్పుకోను.

చివర్లో పంక్చర్ షాపు కంప్రెసర్ గాలితో అన్ని దారులూ ఊదించండి. అప్పటికి రబ్బరు, ఫ్లోట్, నీడిల్ వాల్వ్ బయటే ఉండాలి. రబ్బరు ముక్కలకు క్లీనర్ తగలనివ్వకండి, ఉబ్బిపోతాయి. వాటిని పెట్రోలు తడిపిన బట్టతో తుడిస్తే చాలు. నీళ్లతో ఏదీ కడగకండి. మన బోరు నీళ్లు ఆరితే మిగిలే తెల్లటి ఉప్పు ఆ రంధ్రాలను మూయడానికి సరిపోతుంది.

ట్యాంకులో పోసే క్లీనర్ సీసాల గురించి ఇక్కడే చెప్పాలి. పెట్రోలు వెళ్లే దారిలోనే ఆ మందు వెళ్తుంది. మూసుకుపోయిన దారిలోకి పెట్రోలే వెళ్లనప్పుడు మందు ఎలా వెళ్తుంది?

బిగించడం, ట్యూనింగ్

విప్పిన వరుసకు వ్యతిరేకంగా బిగించండి. జెట్లు ఆనాక కొద్దిపాటి బిగింపు చాలు. స్లైడ్‌కు ఉన్న గాడి లోపలి పిన్నుకు సరిపోవాలి, బలవంతంగా నెట్టకండి. బిగించాక రేసు తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే బండి స్టార్ట్ చేయవద్దు. కాక్ తెరిచి రెండు నిమిషాలు చూడండి. గిన్నె కింది గొట్టంలోంచి పెట్రోలు కారితే నీడిల్ వాల్వ్ దగ్గర మురికి ఉంది.

ఎయిర్ స్క్రూను రాసుకున్న లెక్కకు పెట్టండి. లెక్క లేకపోతే ఆనిన చోటు నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి. బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కాకే ట్యూనింగ్. చల్లని ఇంజిన్ మీద పెట్టిన సెట్టింగ్ పనికిరాదు. స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజిన్ శబ్దం ఎక్కడ అత్యధికంగా, నిలకడగా ఉందో అక్కడ ఆపి, స్లో స్క్రూతో వేగాన్ని మామూలుకు దించండి. ఇంకా స్వల్పంగా తడబడితే మిశ్రమంలో పెట్రోలు తక్కువైంది. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని నియంత్రిస్తుంది, కాబట్టి పావు చుట్టు లోపలికి. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలు మిశ్రమాన్ని, కాబట్టి పావు చుట్టు బయటికి. ఈ తేడా తెలియక తలకిందులుగా తిప్పి, కార్బొరేటర్ పోయిందని కొత్తది కొన్నవాళ్లు ఉన్నారు.

కొన్ని రోజులు నడిపాక ప్లగ్ విప్పండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే సరిపోయింది. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, మసి పట్టి నల్లగా ఉంటే ఎక్కువ.

బండిని నెలలపాటు వదిలి వెళ్లేవాళ్లు బయలుదేరే ముందు కాక్ మూసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడపండి. తర్వాత గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి మిగిలినది సీసాలో పట్టండి. ట్యాంకు మాత్రం నిండుగా ఉంచండి, ఖాళీ ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. తిరిగి వచ్చాక కిక్కు కొట్టే ముందు రిజర్వ్‌లోంచి కొంత పెట్రోలు సీసాలోకి వదిలి, అడుగున నీరు ఉందేమో చూసుకుని, అప్పుడు పైపు తగిలించండి.