చదువుతున్నప్పుడే ఉద్యోగానికి సిద్ధపడటం ఎలా?

డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం సంగతి చూసుకోవచ్చులే అనుకున్నవారు చివరి సెమిస్టర్‌లో ఒక చిక్కులో పడతారు. తొలి ఉద్యోగానికే అనుభవం ఉందా అని అడుగుతారు. ఉద్యోగం దొరకనిదే అనుభవం రాదు. చదువు ముగిసేలోపు "ఈ పని నేను చేశాను, చూడండి" అని ఎదుటివారి ముందు పెట్టగలిగినవి రెండో మూడో సంపాదించుకుంటే ఈ చిక్కు చాలావరకు వీడిపోతుంది. మార్కులు, పరిచయాలు, రెజ్యూమె అన్నీ అవసరమే గానీ, చేసిన పని లేకపోతే వాటిలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. కింది క్రమాన్ని మొదటి సంవత్సరంలో ఉన్నవారు నిదానంగా పాటించవచ్చు; చివరి సంవత్సరంలో ఉన్నవారు మొదటి మూడు మెట్లను కలిపి ఒకే నెలలో ముగించి నాలుగోదానికి ఎక్కువ సమయం ఇవ్వడం మంచిది.

1. రెండు మూడు వృత్తులను ఎంచుకోండి

జీవితాంతం చేయబోయే వృత్తి ఏదో ఇప్పుడే తేల్చేయాలన్న ఒత్తిడి వల్లే చాలామంది అసలు మొదలుపెట్టరు. అంత పెద్ద నిర్ణయం ఇప్పుడు అక్కర్లేదు. రాబోయే కొన్ని నెలలు పరిశీలించడానికి రెండు మూడు వృత్తులు చాలు. అయితే ఐటీ, బ్యాంకింగ్, మీడియా వంటివి రంగాల పేర్లే తప్ప వృత్తుల పేర్లు కావు. ఒకే బ్యాంకులో రుణ దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగి రోజుకూ, కంప్యూటర్ వ్యవస్థల భద్రత చూసే ఉద్యోగి రోజుకూ పోలికే ఉండదు. అందుచేత మీరు కాగితం మీద రాసుకునేది ఉద్యోగం పేరై ఉండాలి.

ఏది ఎంచుకోవాలో తోచనివారికి అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం కొంత ఆసరా ఇస్తుంది. యంత్రాలతో, పనిముట్లతో చేసే పనులు, పరిశోధన, కళ, ఇతరులకు నేర్పడం లేదా సాయపడటం, ఒప్పించి నడిపించడం, లెక్కలనూ రికార్డులనూ పద్ధతిగా నిర్వహించడం అనే ఆరు రకాలుగా ఆయన ఆసక్తులను విభజించారు. అమెరికా కార్మిక శాఖ ఆధ్వర్యంలో నడిచే ఓనెట్ వెబ్‌సైట్‌లో ఈ విభజన ఆధారంగా రూపొందించిన ఆసక్తి పరీక్షను ఉచితంగా రాయవచ్చు. 900కు పైగా వృత్తుల్లో ఏయే పనులుంటాయో, ఏ నైపుణ్యాలు కావాలో కూడా అక్కడే చదవవచ్చు. యూరోపియన్ కమిషన్ నిర్వహించే ఎస్కో వర్గీకరణలో సుమారు 3,000 వృత్తుల వివరాలున్నాయి. పరీక్ష ఫలితాన్ని మాత్రం జాతకంలా నమ్మకండి. మీకు ఏది నచ్చవచ్చో అది చెబుతుంది, ఏది చేయగలరో చెప్పదు.

2. ఉద్యోగ ప్రకటనలను పాఠంలా చదవండి

దరఖాస్తు చేసేటప్పుడు మాత్రమే ప్రకటనలు చూడటం చాలామందికి అలవాటు. నిజానికి అవి ఎక్కువగా ఉపయోగపడేది దరఖాస్తుకు ఏడాది రెండేళ్ల ముందు. మీరు ఎంచుకున్న ఒక్కో వృత్తికి, కొత్తగా చేరేవారి కోసం వేర్వేరు సంస్థలు ఇచ్చిన ఓ ఇరవై ప్రకటనలు సేకరించండి. స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు నిలువు వరుసలు గీయండి: అడిగిన నైపుణ్యం, ఎన్ని ప్రకటనల్లో కనిపించింది, నాకు ఎంత వచ్చు, దానికి నా దగ్గరున్న రుజువు ఏమిటి. నాలుగో వరుస దాదాపు ఖాళీగా ఉండటం చూసి బెంగపడనక్కర్లేదు. రాబోయే సెమిస్టర్లలో నింపవలసింది ఆ వరుసనే.

ఉదాహరణకు డేటా అనలిస్టు ఉద్యోగాలను ఇలా పట్టిక వేస్తే ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ల నుంచి సమాచారాన్ని రాబట్టే భాష) పదేపదే కనిపిస్తాయి. వాటితోపాటు, తెలుసుకున్న విషయాన్ని సాంకేతిక పరిజ్ఞానం లేని సహోద్యోగులకు అర్థమయ్యేలా వివరించగలగాలి అన్న వాక్యం కూడా ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. విద్యార్థులు మొదటి రెండింటికీ కోర్సుల్లో చేరతారు, మూడోదాన్ని మర్యాదకు రాసిన వాక్యమనుకొని వదిలేస్తారు. అది మర్యాద వాక్యం కాదు. ఇంటర్వ్యూలో చాలామంది తడబడేది అక్కడే. "తప్పనిసరి" అన్న వాటినీ "ఉంటే మంచిది" అన్న వాటినీ వేరు చేసి లెక్కించండి. రెండో జాబితా చూసి నిరుత్సాహపడి దరఖాస్తే చేయకుండా ఆగిపోవడం అనవసరం.

3. ఆ పని చేస్తున్నవారితో మాట్లాడండి

ప్రకటన చెప్పనివి మనుషులు చెబుతారు. ఉద్యోగావకాశాల కబురు సన్నిహితుల కంటే అరుదుగా కలిసే పరిచయస్థుల ద్వారానే ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లోనే వాదించారు. మన స్నేహితులకు తెలిసినవి సాధారణంగా మనకూ తెలిసినవే కావడం అందుకు కారణం. దాదాపు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ సభ్యులపై ఐదేళ్లు సాగిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అవి ఈ వాదనను బలపరుస్తూనే ఒక సవరణ చేశాయి: మనతో ఉమ్మడి పరిచయస్థులు బొత్తిగా లేనివారి కంటే, కొద్దిమంది ఉమ్మడి పరిచయస్థులున్నవారి వల్ల ప్రయోజనం ఎక్కువ. విద్యార్థికి అలాంటివారు ఎవరంటే, అదే కళాశాలలో అదే విభాగంలో నాలుగైదేళ్ల కిందట చదివి వెళ్లిన సీనియర్లు.

వారికి రాసే సందేశం పొట్టిగా ఉండాలి, ఉద్యోగం అడగకూడదు, జవాబివ్వడం తేలికగా ఉండాలి. ఉదాహరణకు:

"నమస్కారం సర్. నేను మన కళాశాలలో రసాయన శాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేయాలని ఉంది. మీరు ఆ విభాగంలోనే పనిచేస్తున్నారని మా అధ్యాపకులు చెప్పారు. మీ రోజువారీ పని గురించి మూడు ప్రశ్నలు అడగాలనుకుంటున్నాను. వచ్చే వారంలో మీకు వీలైన రోజు ఒక పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడవచ్చా? వీలుకాకపోతే ప్రశ్నలు రాసి పంపమన్నా పంపుతాను."

మాట్లాడే అవకాశం దొరికినప్పుడు "మీ ఉద్యోగం ఎలా ఉంటుందండీ" అని అడిగితే "బాగానే ఉంటుంది" అన్న జవాబే వస్తుంది. "నిన్న ఉదయం నుంచి సాయంత్రం వరకు ఏమేం చేశారు", "కొత్తగా చేరినవారు మొదటి నెలల్లో ఎక్కడ ఇబ్బంది పడతారు", "నేను ఇప్పుడు ఒక్కటే నేర్చుకోగలిగితే ఏది నేర్చుకోమంటారు" అని అడగండి. రెండు రోజుల్లో కృతజ్ఞతలు తెలుపుతూ ఒక వాక్యం రాయండి. వారు సూచించింది చేశాక, ఎన్ని నెలలు గడిచినా సరే, ఆ సంగతి మళ్లీ తెలియజేయండి. సలహా అడిగేవారు చాలామంది ఉంటారు గానీ, పాటించి వచ్చి చెప్పేవారు తక్కువ కాబట్టి వారు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

4. చూపించదగిన పని ఒకటి పూర్తి చేయండి

ఈ మెట్టుకు మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించాలి. ఉద్యోగుల ఎంపిక విధానాలపై 85 ఏళ్లలో జరిగిన పరిశోధనలను ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ సమీక్షించి 1998లో ప్రచురించిన వ్యాసంలో, అభ్యర్థి రేపు ఎలా పనిచేస్తాడన్నది అంచనా వేయడానికి పని చేయించి చూసే పరీక్షలు ముందు వరుసలో నిలిచాయి. చదువుకున్న ఏళ్ల సంఖ్య బాగా కింద ఉంది. తర్వాతి పరిశోధకులు ఆ సమీక్షలోని అంచనాలను గణనీయంగా తగ్గించారు గానీ, ఒకరి పనిని చూడటం వారి గురించి వినడం కంటే నమ్మదగినదన్న సంగతి ఎంపిక చేసేవారికి అనుభవంలో తెలిసినదే.

ప్రాజెక్టు అనగానే సాఫ్ట్‌వేర్ విద్యార్థుల వ్యవహారమనుకోవడం పొరపాటు. వాణిజ్య శాస్త్రం చదివేవారు, స్టాక్ మార్కెట్‌లో నమోదైన ఒక సంస్థ వెలువరించిన మూడేళ్ల వార్షిక నివేదికలు చదివి, దాని అప్పులు, నగదు ప్రవాహం ఎటు పోతున్నాయో నాలుగు పేజీల విశ్లేషణ రాయవచ్చు. సాహిత్యం చదివేవారు ఒక స్వచ్ఛంద సంస్థ కరపత్రాలను సామాన్యులకు అర్థమయ్యేలా తిరగరాసి, ముందున్న రూపాన్నీ తర్వాతి రూపాన్నీ పక్కపక్కన పెట్టి చూపవచ్చు. జీవశాస్త్ర విద్యార్థులు అందరికీ అందుబాటులో ఉన్న డేటాతో, ప్రచురితమైన ఒక చిన్న విశ్లేషణను తిరిగి చేసి, ఫలితం సరిపోయిందో లేదో నమోదు చేయవచ్చు.

ఎంచుకునే పని సగం సెమిస్టర్‌లో ముగిసేంత చిన్నదిగా ఉండాలి. సగంలో ఆగిన పెద్ద యాప్ కంటే, ముగ్గురు నిజంగా వాడుతున్న చిన్న పట్టిక నయం. వారానికి రెండు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున కాలపట్టికలో ముందే రాసి పెట్టుకోండి. తీరిక దొరికినప్పుడు చేద్దామనుకున్న పని పరీక్షల కాలం వచ్చేసరికి ఎలాగూ అటకెక్కుతుంది. పని పూర్తయ్యాక ఒక పేజీ వివరణ రాయండి: సమస్య ఏమిటి, మీరు చేసిందేమిటి, ఏది కుదరలేదు, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు. అనుభవమున్న ఇంటర్వ్యూదారు మొదట అడిగేది తరచుగా ఆ మూడో ప్రశ్నే. బృందంగా చేసినప్పుడు మీ వంతు ఏదో స్పష్టంగా రాయడం నిజాయతీ మాత్రమే కాదు, "మేము చేశాం" అన్న మాట వెనుక మీరు కనబడకుండా పోయే ప్రమాదాన్నీ తప్పిస్తుంది.

సర్టిఫికెట్ల విషయంలో నా అభిప్రాయం కొందరికి కటువుగా అనిపించవచ్చు. ఆన్‌లైన్ కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి పూర్తి చేస్తూ పోతే ముందుకు వెళ్తున్నామన్న తృప్తి కలుగుతుంది గానీ, నేర్చుకున్నదానితో ఏమీ చేయకపోతే రెండో మెట్టులో గీసిన పట్టికలోని నాలుగో వరుస ఖాళీగానే ఉంటుంది. లైసెన్సు లేదా నిర్ణీత అర్హత చట్టప్రకారం తప్పనిసరైన వృత్తులకు ఇది వర్తించదు. మిగిలిన వాటిలో ఒక కోర్సు ముగించాక ఒక పని చేసే వరకు రెండోదాంట్లో చేరకపోవడమే మేలు.

5. ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించండి

కనీసం ఒక సెమిస్టర్ ముందుగా వెతకడం ప్రారంభించండి. చేరే ముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి: నా పనిని ఎవరు చూస్తారు, చివరికి నేను ఏం చేసి ఇవ్వాలి. ఈ రెండింటికీ జవాబు లేని చోట సంస్థ పేరు ఎంత పెద్దదైనా నేర్చుకునేది తక్కువ. ఇంటర్న్‌షిప్ ఇవ్వడానికి మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడితో సంభాషణ ముగించండి.

6. రెజ్యూమెను చదివేవారి అవసరం నుంచి రాయండి

1482 ప్రాంతంలో లియొనార్డో డావించి పేరిట మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జాకు రాసిన ఒక లేఖ ముసాయిదా దొరికింది. అందులో మోసుకుపోగల తేలిక వంతెనల గురించి, యుద్ధ యంత్రాల గురించి అంశాలవారీగా చెప్పి, చిత్రకళ ప్రస్తావన చివర్లో చేశారు. పోరాటాల మధ్య ఉన్న పాలకుడికి ముందుగా కావలసింది ఏమిటో ఆలోచించి రాసిన లేఖ అది. మీ రెజ్యూమెలో కూడా ఏది ముందుండాలో ఎదుటి ప్రకటనే నిర్ణయించాలి.

వాక్యాల స్థాయిలో చూద్దాం. "కళాశాల ఉత్సవ నిర్వహణ బృందంలో చురుకైన సభ్యుడిని" అన్న వాక్యం నుంచి ఏమీ తెలియదు. "ఉత్సవానికి 14 మంది వక్తల ప్రయాణ, వసతి ఏర్పాట్లు చూశాను, ఖర్చుల పట్టిక తయారుచేసి, కేటాయించిన మొత్తంలోనే ముగించాను" అంటే చేసిన పని, దాని పరిమాణం, ఫలితం మూడూ తెలుస్తాయి. అంకె లేనిచోట కల్పించకండి. తొలి ఉద్యోగానికి ఒక పేజీ చాలు. అనేక సంస్థలు దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేర్‌తో వడపోస్తాయి కాబట్టి, పేజీని బొమ్మగా కాకుండా అక్షరాలను ఎంపిక చేయగలిగే పీడీఎఫ్‌గా పంపాలి. అలంకారపు డబ్బాలు, రెండు నిలువు వరుసల అమరిక మానుకోవడం క్షేమం.

7. ఇంటర్వ్యూకు సంఘటనలు సిద్ధం చేసుకోండి

2022లో పాల్ శాకెట్ బృందం ఎంపిక విధానాల లెక్కలను తిరిగి పరిశీలించి, ముందే రూపొందించిన ప్రశ్నలను అందరినీ ఒకే తీరుగా అడిగే ఇంటర్వ్యూలను మొదటి స్థానంలో నిలిపింది. అటువంటి ఇంటర్వ్యూల్లో "బృందంలో విభేదం వచ్చినప్పుడు మీరేం చేశారో చెప్పండి" వంటి ప్రశ్నలు తరచుగా ఉంటాయి. స్టార్ అని పిలిచే పద్ధతిలో పరిస్థితి, మీకు అప్పగించిన బాధ్యత, మీరు తీసుకున్న చర్య, వచ్చిన ఫలితం అనే క్రమంలో జవాబు చెబుతారు. విభేదం, వైఫల్యం, గడువు, నాయకత్వం, కొత్త విషయం నేర్చుకోవడం వంటి సందర్భాలకు పనికివచ్చే ఐదారు సంఘటనలు ఈ క్రమంలో రాసుకోండి. వాటిలో సగమైనా నాలుగో మెట్టులో చేసిన పని నుంచే దొరుకుతాయి. పరిస్థితిని వర్ణించడంలోనే సమయమంతా గడిపేయడం అందరూ చేసేదే కాబట్టి, దానికి రెండు వాక్యాలు మించనివ్వకండి. ఒక స్నేహితుడిని ప్రశ్నలడగమని కోరి, మీ జవాబులను ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వినడానికి మొదట ఇబ్బందిగానే ఉంటుంది.

8. చివరి సెమిస్టర్‌లో సర్దుకోవలసినవి

మీ పనిని దగ్గరగా చూసిన ఇద్దరు అధ్యాపకులను, సిఫారసు లేఖకు పేరు ఇవ్వవచ్చా అని ముందే అడగండి. గడువుకు మూడు వారాల ముందు అడిగి, మీరు చేసిన పని జాబితా కూడా జతచేస్తే వారికి రాయడం సులువవుతుంది. పంపిన ప్రతి దరఖాస్తుకూ సంస్థ పేరు, తేదీ, ఏ రెజ్యూమె పంపారు, తర్వాత ఎప్పుడు పలకరించాలి అన్నవి ఒక పట్టికలో నమోదు చేయండి. కళాశాల ఇచ్చిన ఈమెయిల్ చిరునామా, ఆన్‌లైన్ నిల్వ చాలాచోట్ల చదువు ముగిశాక పనిచేయవు. కాబట్టి దరఖాస్తులన్నీ సొంత చిరునామా నుంచే పంపండి. ప్రాజెక్టు ఫైళ్లను, మార్కుల పత్రాల ప్రతులను, సీనియర్లతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను ఆఖరి పరీక్షకు ముందే సొంత ఖాతాలోకి మార్చుకోండి.